మరగబెట్టని బీరు, మన లాండా కుండ

ఈ సంచికకు ఎవరు ఏం రాయాలో పంచుకున్న రోజు మాలో చిన్న గొడవ జరిగింది. పండగలు, డోలు, కొమ్ము నాట్యం, పోడు పంటలు, వైద్యం అన్నీ పంచుకున్నాక, మన పెద్దల ఇళ్లలో పులియబెట్టిన పానీయాల మీద కూడా ఒక వ్యాసం ఉండాలని మేం అన్నాం. పట్నంలో చదువుకుంటున్న ఒక తమ్ముడు వెంటనే అడ్డుపడ్డాడు. "ఆ కుళ్లు గంజి గురించి సావనీర్‌లో ఎందుకన్నా? ఇప్పటికే మనల్ని తాగుబోతులంటున్నారు. ఇది చదివితే ఇంకా నవ్వుతారు" అన్నాడు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అతను చెప్పింది పూర్తిగా తప్పని కొట్టిపారేయడానికి లేదు. ఆ మాట బయటివాళ్ల నోట మనందరం విన్నదే.

దానికి జవాబు వెతుక్కుంటూ పోతే మేం నార్వే దాకా వెళ్లాల్సి వచ్చింది. పుస్తకాల్లోనే లెండి, విమానంలో కాదు.

ముందే ఒక మాట. ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. మన రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారు చేయడం నేరం కూడా. ఇది ఒక పనితనం చరిత్ర. ఆ పని చేతిలో ఉన్నవాళ్లు దాన్ని చూసి ఎలా సిగ్గుపడ్డారు, అది ఎలా బతికి బయటపడింది అన్నదే ఇక్కడి కథ.

బీరు అంటే ఏమిటో మొదట చూద్దాం. బార్లీ గింజల్ని నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలక రాగానే ఆరబెడతారు. దాన్నే మాల్ట్ అంటారు. మొలకెత్తే గింజలో పిండిని చక్కెరగా మార్చే గుణం పుడుతుంది. మాల్ట్‌ను పగలగొట్టి వేడినీళ్లలో గంట, రెండు గంటలు ఉంచితే ఆ పిండంతా తీపి రసంగా మారుతుంది. ఆ రసం పేరు వర్ట్. బీరు ఫ్యాక్టరీలో ఆ వర్ట్‌ను గంటకు పైగా సలసలా మరిగిస్తారు. మరిగేటప్పుడు హాప్స్ అనే తీగ పువ్వుల్ని వేస్తారు. చేదు, వాసన వాటి నుంచే వస్తాయి. తర్వాత చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. ఏ దేశంలో బీరు తయారీ నేర్పే పుస్తకం తీసినా మరిగించడం తప్పనిసరి అంకంలాగే కనిపిస్తుంది.

కానీ ఉత్తర యూరప్ పల్లెల్లో వందల ఏళ్లుగా వర్ట్‌ను మరిగించకుండానే బీరు చేస్తున్నవాళ్లు ఉన్నారు. నార్వేలో దాన్ని రోఓల్ అంటారు, అంటే పచ్చి బీరు. ఫిన్లాండ్‌లో సాహ్తి, స్వీడన్ కింద ఉన్న గోట్లాండ్ దీవిలో గోట్లాండ్స్‌డ్రికా, ఎస్తోనియాలోని సారెమా దీవిలో ఇంటి బీరు, లిథువేనియా పల్లెల్లో కాయిమిష్కాస్ అలుస్, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి.

ఎందుకు మరిగించేవాళ్లు కాదు? పాత రోజుల్లో వాళ్లకు పెద్ద ఇనప, రాగి పాత్రలు లేవు. ఉన్నవి చెక్క తొట్టెలు. చెక్క తొట్టెను పొయ్యి మీద పెట్టలేరు కదా. అందుకని రాళ్లను నిప్పులో ఎర్రగా కాల్చి తొట్టెలో వేసి నీళ్లు వేడి చేసేవారు. అలా కాలి, నీళ్లలో పడి పగిలిన రాళ్లు నార్వేలో ట్రోండెలాగ్ ప్రాంతపు పాత ఇళ్ల పెరళ్ల కింద పొరలు పొరలుగా దొరుకుతున్నాయి. తవ్వకాలు చేసేవాళ్లు అవి వంద రెండు వందల ఏళ్లవి కావని, వాటిలో చాలావరకు మధ్యయుగాల నాటి బీరు తయారీ నుంచి మిగిలినవని చెబుతున్నారు. ఇంటి పెరట్లో రాళ్ల గుట్ట కనిపిస్తే మనం పనికిరాని రాళ్లనుకుంటాం. అక్కడ అదే ఒక రాతప్రతి.

బీరు వాళ్లకు సరదా మాత్రమే కాదు. పశ్చిమ నార్వేలో గులాతింగ్ అనే పాత సభ చట్టం ఉండేది. ప్రతి రైతు పండగకు బీరు చేసి తీరాలని అది చెప్పింది. ఆ బీరును మంచి పంట కోసం, శాంతి కోసం దీవించి తాగాలి. వరసగా మూడేళ్లు చేయనివాడి ఆస్తి పోతుందని, వాడు దేశం విడిచిపోవాలని కూడా ఆ చట్టంలో ఉంది. పండగకు కుండ పెట్టకపోవడం కులం ముందు, దేవుడి ముందు తప్పని మన తాతలు అనేవారు. వాళ్లది చట్టం, మనది కట్టుబాటు. తేడా అంతే.

ఇక హాప్స్ సంగతి కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే చిక్కు ఇక్కడే ఉంది. హాప్స్ పువ్వులోని చేదు పదార్థం చేదుగా మారి నీళ్లలో కలవాలంటే మరిగే వేడి, సమయం రెండూ కావాలి. 80 డిగ్రీల వేడిలో అది చాలా నెమ్మదిగా జరుగుతుంది. 70లో ఇంకా నెమ్మది. మరి వర్ట్ మరగనప్పుడు చేదు ఎలా వస్తుంది? చేదు లేకపోతే బీరు తొందరగా పులిసిపోదా? హాప్స్ కేవలం రుచి కోసం వేసేది కాదు, బీరును పుల్లబరిచే కొన్ని సూక్ష్మజీవుల్ని అది అణిచిపెడుతుంది. అప్పట్లో రాజులకు కూడా హాప్స్ అంత అవసరంగా తోచింది. 1442లో స్వీడన్‌లో వచ్చిన రాజశాసనం ప్రతి రైతూ 40 గుంజలకు హాప్స్ తీగ పాకించాలంది. 1734 నాటికి అది 200 గుంజలైంది.

ఈ చిక్కును ఆ పల్లె ఆడవాళ్లు, మగవాళ్లు ఏ పుస్తకం చదవకుండానే విప్పారు. కొన్ని ఇళ్లలో హాప్స్‌ను చిన్న గిన్నెలో వేరుగా నీళ్లలో మరిగించి, ఆ చేదు కషాయాన్ని తీపి రసంలో కలిపేవారు. లిథువేనియా, సారెమాల్లో ఇది బాగా కనిపిస్తుంది. గంపెడు రసం మరిగించడానికి బండెడు కట్టెలు కావాలి, గిన్నెడు కషాయానికి నాలుగు పుల్లలు చాలు. నార్వేలో కొన్ని చోట్ల హాప్స్‌ను గుడ్డ సంచిలో కట్టి, తొట్టె నుంచి వేడి రసం కారే దారిలో పెట్టేవారు. రసం దాని మీదుగా జారుతూ వాసన తీసుకునేది. చేదు తక్కువైనా, పక్కన జునిపర్ ఉండేది. అది సూదుల్లాంటి ఆకులున్న చెట్టు. దాని కొమ్మల్ని నీళ్లలో వేడి చేసి ఆ నీళ్లతోనే మాల్ట్ నానబెట్టేవారు. తొట్టె అడుగున వడపోతకు కూడా ఆ కొమ్మలనే పరిచేవారు. మన దగ్గర గంజి వార్చడానికి, వడపోతకు ఏ ఆకు ఎందుకు వాడతారో అవ్వలను అడిగితే తెలుస్తుంది. ఆకు ఊరికే ఆకు కాదు.

మరిగించకపోతే బీరు పాడైపోదా అని ఇప్పటివాళ్లు అడుగుతారు. మాల్ట్‌తో కలిసి 70 డిగ్రీల దగ్గర గంటకు పైగా ఉన్న రసంలో పుల్లబరిచే జీవులు చాలావరకు అప్పటికే చచ్చిపోయి ఉంటాయి. మరగని రసంలో గింజలోని మాంసకృత్తులు అలాగే నిలిచి ఉంటాయి కాబట్టి బీరు మసకగా, చిక్కగా, కొంచెం గంజిలా ఉంటుంది. నెలల తరబడి నిల్వ మాత్రం ఉండదు. అది వాళ్లకు లోపం కాదు. పండక్కి చేశారు, పండక్కి వచ్చినవాళ్లు తాగారు, అయిపోయింది. సీసాలో పోసి దూరాన అమ్మాల్సిన అవసరం వచ్చినవాడికే నిల్వ కావాలి.

పశ్చిమ నార్వేలో హోర్నిందాల్ అనే లోయ ఉంది. యూరప్‌లోకెల్లా లోతైన సరస్సు ఒడ్డున ఉండే ఊళ్లు. పచ్చి బీరు ఇప్పటిదాకా ఎడతెగకుండా నిలిచిన చోట్లలో అదొకటి. అక్కడ రసం పాలు పితికినప్పటి వెచ్చదనానికి రాగానే ఈస్ట్ వేస్తారు. థర్మామీటర్ లేని రోజుల్లో వాళ్ల కొలత అదే. అంటే 35 డిగ్రీల పైమాటే. ఫ్యాక్టరీ ఈస్ట్‌కు అది మరీ ఎక్కువ వేడి, బీరు చెడు వాసన వేస్తుంది. వీళ్ల ఈస్ట్‌కు అదే ఇష్టం. ఒకటి రెండు రోజుల్లో పని ముగిస్తుంది. దాని పేరు క్వైక్. నిప్పు రాజేయడం, ప్రాణం పోయడం అనే అర్థమున్న మాటకు చుట్టం ఆ పేరు. ఈస్ట్ వేసేటప్పుడు పెద్దగా కేక పెట్టడం కూడా కొన్నిచోట్ల ఆచారం, చెడు శక్తులు పారిపోవాలని. రసం పులిసి బీరైన రోజు ఇరుగుపొరుగు రుచి చూడ్డానికి వస్తారు. దాన్ని ఊప్‌స్కోకె అంటారు. పిలిచే పని లేదు, అందరికీ తెలిసిపోతుంది. మన ఊళ్లలో కుండ దించిన రోజు పిలుపు అక్కర్లేదన్న సంగతి ఎవరైనా చెప్తారు.

క్వైక్‌ను వాళ్లు ఎలా దాచారన్నది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఒక కర్రకు నిండా బెజ్జాలు తొలిచి, దాన్ని పులుస్తున్న బీరులో ముంచి, పైకి తీసి ఎండబెట్టేవారు. గడ్డితో అల్లిన చుట్టలు, నారబట్టలు కూడా వాడారు. ఆరిపోయిన మడ్డి నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి ప్రాణంతో ఉండేది. మళ్లీ తీపి రసంలో వేస్తే లేచేది. ఒక ఇంట్లో మడ్డి పాడైతే పక్కింటికి వెళ్లి తెచ్చుకునేవారు. డబ్బు పుచ్చుకునే వస్తువు కాదది.

ఇది చదువుతున్నప్పుడే మాకు జార్ఖండ్, ఒడిశాల సంతాల్, ముండా, హో ఇళ్లలోని రాను బిళ్లలు గుర్తొచ్చాయి. బియ్యప్పిండిలో కొన్ని వేర్లు దంచి కలిపి, ఉండలు చేసి ఆరబెడతారు. హాండియా పులియడానికి ఆ బిళ్లే ఆధారం. బస్తర్, మల్కాన్‌గిరి వైపు మన చుట్టాల ఇళ్లలో లాండా ఉంది. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి, మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం పొడి కలిపి కుండలో ఉంచుతారు. మొలకెత్తిన గింజే పిండిని తీపి చేస్తుందన్న సంగతి, అంటే మాల్ట్ రహస్యం, మన అవ్వలకు నార్వే వాళ్లు వచ్చి చెప్పింది కాదు. అక్కడా ఇక్కడా ఇంట్లో గింజలతో మసలినవాళ్లు వేరు వేరుగా కనిపెట్టారు. ఆ తమ్ముడు కుళ్లు గంజి అన్నది దీన్నే.

నార్వే పల్లెల్లోనూ సిగ్గు వచ్చింది. 19వ శతాబ్దంలో బయటి దేశాల నుంచి చౌక ధాన్యం వచ్చి పడ్డాక చాలామంది రైతులు బార్లీ మాని పశువుల మీదకు మళ్లారు. గింజ లేకపోతే మాల్ట్ లేదు. మద్యం మానాలన్న ఉద్యమాలు బలపడ్డాయి. ఫ్యాక్టరీ బీరు, కాఫీ చేరాయి. ముసలాయన చేసే మసక బీరు పాతకాలపు సరుకైంది. లోయ తర్వాత లోయలో కర్రలు అటకెక్కాయి, మడ్డి చచ్చిపోయింది.

అయితే 1950లలో అక్కడి జానపద పరిశోధకులు ఒక పని చేశారు. ఊరూరికీ ప్రశ్నల కాగితాలు పంపారు. మాల్ట్ ఎలా చేసేవారు, ఏ చెట్టు కొమ్మ వాడేవారు, మడ్డి ఎక్కడ పెట్టేవారు, రసం మరిగించేవారా లేదా, ఇలాంటివి. ఊళ్లోని మామూలు మనుషులు తమకు తెలిసింది రాసి పంపారు. వాటి ఆధారంగా ఓడ్ నూర్లాన్ 1969లో నార్వే బీరు సంప్రదాయాల మీద పుస్తకం అచ్చు వేశాడు. చాలా ఏళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. తర్వాత లార్స్ మారియుస్ గార్షోల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఆ పాత జవాబులు చదివి, ఊళ్లు తిరిగి, ఇంకా పచ్చి బీరు చేస్తున్న ఇళ్లను కలిశాడు. 2020లో పల్లె బీరు మీద ఆంగ్లంలో పెద్ద పుస్తకం తెచ్చాడు. 2018లో క్వైక్ ఈస్ట్‌ల జన్యువుల మీద ఒక పరిశోధన పత్రం వచ్చింది. అవి ఫ్యాక్టరీ ఈస్ట్‌ల నుంచి వేరైన ప్రత్యేకమైన గుంపని, మనుషుల చేతిలో తరాల పాటు సాకబడినవని అది తేల్చింది. ఫిన్లాండ్ సాహ్తికి అంతకుముందే, 2002లో, యూరోపియన్ యూనియన్ సంప్రదాయ ఆహారంగా రక్షణ ఇచ్చింది.

ఆ తర్వాత జరిగింది చూస్తే నవ్వొస్తుంది. అమెరికా, యూరప్ నగరాల్లో ఇంట్లో బీరు చేసుకునే చదువుకున్న కుర్రాళ్లు మరిగించడం మానేశారు. వాళ్లకు కావలసింది హాప్స్ వాసన గుప్పుమనే బీరు. హాప్స్‌లో పళ్ల వాసన, పూల వాసన ఇచ్చే నూనెలు మరిగిస్తే ఆవిరైపోతాయి. అందుకని మాల్ట్ రసాన్ని 75, 80 డిగ్రీల దాకా వేడిచేసి, మంట ఆపి, అందులోనే గుప్పెళ్ల కొద్దీ హాప్స్ వేసి అరగంట ఉంచుతారు. ఆ వేడికి చెడ్డ జీవులు చస్తాయి, వాసన పోదు. చేదు కావాలంటే కొన్ని పువ్వుల్ని చిన్న గిన్నెలో వేరుగా మరిగించి కలుపుతారు. అదే పల్లె కషాయం. తర్వాత వెచ్చగా ఉండగానే క్వైక్ వేస్తారు. మసకగా, చిక్కగా వచ్చిన ఆ బీరును మంచి ఖరీదైన గ్లాసులో పోసి ఫోటో తీసుకుంటారు. ఒకప్పుడు ముసలాయన తొట్టెలో నామోషీ అనిపించిన మసకే ఇది.

ఇంకో వైపు కూడా చూడాలి. క్వైక్ ఇప్పుడు ప్రపంచమంతా ప్యాకెట్లలో అమ్ముడవుతోంది. వోస్, హోర్నిందాల్ లాంటి ఊరి పేర్లు ఆ ప్యాకెట్ల మీద ఉన్నాయి. అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చిన మడ్డి అది. వాళ్లు ఇవ్వడం వల్లే అది బతికింది, నిజమే. కానీ ఇచ్చిన ఇంటికి, ఊరికి రావాల్సింది ఏమిటన్నది తేలలేదు. మన దగ్గర రాను వేర్లు, లాండా పొడి ఎవరైనా సీసాలో పట్టుకెళ్లే రోజు వస్తే, 2002 నాటి జీవవైవిధ్య చట్టం, పంచాయతీ జీవవైవిధ్య రిజిస్టరు అనేవి ఉన్నాయని మనకైనా తెలిసి ఉండాలి.

నార్వే కథలో లేనిది మన కథలో ఒకటుంది. అది ఆబ్కారీ.

అల్లూరి సీతారామరాజు పేరు తెలియని పిల్లలు మనలో లేరు. ఆయన పోరాటం 1922 నుంచి 1924 దాకా. దానికి 40 ఏళ్లకు పైగా ముందు, 1879 మార్చిలో, అదే రంప కొండల్లో పెద్ద తిరుగుబాటు లేచింది. దానికి నిప్పు పెట్టిన వాటిలో ముఖ్యమైనది కల్లు. కొండల్లో జీలుగు చెట్టు కల్లు ఇంటి తిండిలో భాగం. తిండిగింజలు అడుగంటే నెలల్లో అది కడుపు నింపేది కూడా. రంప మన్సబ్‌దారు అప్పటికే చిగురుపన్ను పేరుతో గుంజేవాడు. దాని మీద ప్రభుత్వం ఆబ్కారీ నిబంధన తెచ్చి, ఇంటి కోసం కల్లు గీసుకోవడాన్ని కూడా పన్ను కిందకు తెచ్చింది. ఆ పన్ను వసూలు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. మన చెట్టుకు మనమే గీసుకుంటే దొంగలమయ్యాం. ముఠాదారులు, కొండదొరలు, కోయలు కలిసి లేచారు. పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి. గొలుగొండకు, భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. రేకపల్లిలో పోడు మీద ఆంక్షలు కూడా తోడయ్యాయి. మద్రాసు నుంచి పోలీసులు చాలక సైన్యాన్ని దింపారు. 1880లో తమ్మన్నదొర చనిపోయాడు. చివరికి మన్సబ్‌దారును తొలగించక, కల్లు విషయంలో వెనక్కి తగ్గక ప్రభుత్వానికి తప్పలేదు.

అంటే కుండలో పులిసేది ఇంటిదా, సర్కారుదా, కాంట్రాక్టరుదా అన్న ప్రశ్న మీద మన పెద్దలు ప్రాణాలిచ్చారు. ఇది చెప్పినప్పుడు ఆ తమ్ముడు మొదటిసారి తల ఎత్తి విన్నాడు.

తర్వాత వచ్చిన కాంట్రాక్టరు సారా మన ఊళ్లకు చేసింది ఇంట్లో ఇంట్లో తెలుసు. అప్పు, దెబ్బలు, పోయిన భూమి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని మనవాళ్లూ అందిపుచ్చుకున్నారు. అది న్యాయమైన పోరాటం. అయితే పండక్కి అవ్వ పెట్టే కుండనూ, దుకాణంలో ప్యాకెట్‌నూ ఒకే గాటన కట్టడం ఆ రోజుల్లోనే మొదలైంది. 1970ల మధ్యలోనే కేంద్రం ఈ తేడా గుర్తించింది. గిరిజన ప్రాంతాల్లో మద్యం వ్యాపారం ఆపాలని, ఇంటి వాడకానికి సంప్రదాయ పానీయాలు చేసుకోనివ్వాలని రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభ చేతికి రావాలంది. ఆపాలా, ఉంచాలా, పండక్కి మాత్రమేనా అన్నది ఊరు కూర్చుని తేల్చుకునే మాట. అది ఎక్సైజ్ దాడితో తేలేది కాదు, పట్నం వెక్కిరింతతోనూ తేలేది కాదు.

వచ్చే కొత్తల పండగ లోపు మేం కూడా ప్రశ్నల కాగితం ఒకటి ఊళ్లకు పంపుతున్నాం. నార్వే వాళ్లు 1950లలో పంపినట్టే. ఫోన్‌లో రికార్డు చేసినా సరే, మన భాషలోనే చెప్పించండి. ఆ తమ్ముడే దాన్ని రాశాడు. మొలక ధాన్యం ఏది, ఎన్నాళ్లు మొలకెత్తించాలి? ఆవిరికి ఏ కుండ, మూతకు ఏ ఆకు? వేరు ఏ అడవిలో, ఏ నెలలో తీసేవారు, ఎవరు తీయకూడదు? కుండ ఎవరి చేతిలో, అవ్వదా, అమ్మదా? ముందు ఏ దేవతకు పోసేవారు? తాగి తూలినవాడికి ఊరు ఏం చేసేది? ఒక ఇంట్లో కుండ చెడిపోతే, మడ్డి ఎవరింటి నుంచి తెచ్చుకునేవారు?